డ్రాగను కోరల వాకిలి

సింగపూరు చరిత్ర 1819లో, స్టాంఫర్డు రాఫిల్సు అను ఆంగ్లేయాధికారి అచట ఓడ దిగిన దినమున మొదలైనదని మనలో చాలమంది చదువుకొని యున్నాము. కాని అంతకు ఐదువందల యేండ్లకు పూర్వమే ఆ రేవునకు చీనా నావలు వచ్చి పోవుచుండెను. ఈ సంగతి మనకెట్లు తెలిసినది? గ్రంథము, పటము, మట్టిలోని పెంకులు - ఈ మూడు సాక్షులను వరుసగా విచారింతము.

ముందుగా నావలు అచటికేల వచ్చెనో గ్రహింపవలెను. చీనానుండి హిందూ మహాసముద్రమునకు పోవు నావికులు మలయా ద్వీపకల్పపు దక్షిణాగ్రమును చుట్టి పోవలసి యుండెను. తెరచాప ఓడలకు గాలియే దిక్కు. శీతకాలమున ఈశాన్యపు గాలి వారిని దక్షిణమునకు తెచ్చును. నైరృతి గాలి తిరిగి స్వదేశమునకు చేర్చును. గాలి మరలువరకు నిలుచుటకును, మంచినీరు నింపుకొనుటకును, సరకులు మార్చుకొనుటకును దారిలో రేవులు కావలెను. ఆ యిరుకు జలమార్గము ప్రక్కనున్న సింగపూరు దీవి అందుకు తగిన తావు.

ఇక గ్రంథసాక్ష్యము. మంగోలు చక్రవర్తులు చీనాను ఏలిన కాలపు రాజచరిత్రలో 'లోంగ్‌యామెన్' అను పేరు కనబడును. డ్రాగను కోరల వాకిలి యని దాని యర్థము. మచ్చికయైన ఏనుగులకై 1320లో చక్రవర్తి అచటికి దూతలను పంపెననియు, 1325లో ఆ తావువారు కానుకలతో చీనాకు వచ్చిరనియు అందు కలదు. 1349లో వాంగ్ దాయువాన్ అను యాత్రికుడు తాను తిరిగిన సముద్రదేశములను గూర్చి గ్రంథము వ్రాసెను. రెండు గుట్టలు కోరలవలె నిలిచియున్నవనియు, వాని నడుమ నీటిదారి కలదనియు, నేల నిస్సారమనియు, స్థానికులతోపాటు చీనావారును అచట కాపురముండిరనియు ఆతడు తెలిపినాడు. అచట తగరము దొరకును. పింగాణి పాత్రలు, ఇనుప కాగులు, నూలుబట్టలు అమ్ముడుపోవును.

ఆ వాకిలి భయంకరమైనదికూడ. పడమటికి పోవు నావలను దొంగలు ముట్టరట! సరకులతో మరలివచ్చు నావలపై మాత్రము రెండుమూడువందల పడవలతో విరుచుకొని పడుదురట. అందుచే నావికులు బాణములను అడ్డుటకు దళసరి తెరలు కట్టుకొనుచుండిరి. గాలి అనుకూలించినచో బ్రతుకు, లేనిచో ప్రాణహాని. సయాము దేశీయులు డెబ్బది నావలతో వచ్చి తెమాసెక్ నగరమును ఒక మాసము ముట్టడించిరనియు ఆతడే వ్రాసెను. తెమాసెక్ అనునది సింగపూరునకు నాటి పేరు.

రెండవ సాక్షి పటము. 1405 మొదలు 1433 వరకు జెంగ్ హ అను నౌకాధిపతి పెద్ద నావలతో ఏడు యాత్రలు సాగించెను. ఆ యాత్రలకు సంబంధించినదని తలపబడు ఒక పటము 17వ శతాబ్దిలో అచ్చయినది. దిక్సూచి చూపు దిశలతోపాటు తెమాసెక్, లోంగ్‌యామెన్ పేర్లును అందు గుర్తింపబడినవి.

మూడవ సాక్షి మట్టి. 1822లో జాన్ క్రాఫర్డు అను స్కాట్లండు దేశీయుడు సింగపూరు కొండపై పాతగోడల శిథిలములను, చీనా నాణెములను, కుండపెంకులను చూచి వ్రాసెను. 1984లో అదే కొండపై, అనగా నేటి ఫోర్టు కానింగుపై, జాన్ మిక్సిక్ అను పురావస్తువేత్త త్రవ్వకములు జరిపినప్పుడు 14వ శతాబ్దినాటి చీనా పింగాణి పెంకులు, గాజుపూసలు బయల్పడెను. ఆ కాలపు పింగాణితో సింగపూరు సమీప సముద్రమున మునిగిన ఓడయొకటి దొరికినదని 2021లో ప్రకటించిరి. గ్రంథము పలికిన దానిని భూమియు సముద్రమును బలపరచినవి.

కాని ఆ కోర యెక్కడ? అది నేటి కెప్పెల్ రేవు పడమటి ముఖద్వారమున నిలిచిన శిల యని పలువురు పండితుల మతము. ఆ శిలను 1848లో ఓడల దారి వెడల్పు చేయుటకై ప్రేల్చివేసిరి. నదీముఖమున నుండిన ప్రాచీన శాసనశిలకును 1843లో అదే గతి పట్టెను. మిగిలిన ముక్కలోని అక్షరములను నేటికిని ఎవరును చదువలేకున్నారు. 2005లో కోరకు ప్రతిరూపమును నిలిపిరి గాని, శాసనమునందలి మాటలకు ప్రతిరూపము చేయగల శిల్పి లేడు.

పగిలిన పింగాణి పెంకు ఒక రేవునకు ఐదువందల యేండ్ల చరిత్రను తిరిగి యిచ్చినది. కావున మన యూరి దిబ్బలో దొరకిన పెంకునైనను, పాతరాతినైనను పారవేయుటకు ముందు, తెలిసినవారికి ఒకసారి చూపుట మేలు.