వయ్యారిభామ పీకే చేతులకు రక్షణ ఏది?

పేరు వయ్యారిభామ. తగిలితే ఒళ్లంతా మంట. చామంతి జాతికి చెందిన ఈ మొక్కను శాస్త్రజ్ఞులు పార్థీనియం అంటారు, జనం కాంగ్రెస్ గడ్డి అంటారు. క్యారెట్ ఆకులాంటి ఆకులు, తెల్లటి చిన్న పూలు. బీళ్లలో, రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, చేలల్లో ఎక్కడ చూసినా అదే.

దీని పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశంలో 1955 ప్రాంతంలో పూనాలో అందరి కంటా పడింది. అమెరికా గోధుమలతో దిగిందని చాలామంది చెబుతారు. అంతకుముందే ఇక్కడ ఉన్నదనే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఎట్లా వచ్చినా పీకే పని మాత్రం కూలి జనం నెత్తిన పడింది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. తడి తగిలితే ఏ కాలమైనా మొలుస్తుంది, నెల తిరిగేసరికి పూతకొస్తుంది.

కలుపు తీసేది ఎక్కువగా ఆడకూలీలే. సంఘం పని మీద ఊళ్లు తిరిగేటప్పుడు మాకు వాళ్లు చేతులు చూపిస్తారు. దద్దుర్లు, పగుళ్లు, గోకి గోకి నల్లబడిన చర్మం. ఈ మొక్కలోని పార్థెనిన్ అనే పదార్థం పడక అట్లా అవుతుంది. పుప్పొడికి కొందరికి తుమ్ములు, ఆయాసం. పని మానితే కూలి పోయె, మందులకు అప్పాయె. "గడ్డి మేం నాటామా?" అంటాడు ఆసామి. మరి మనం నాటామా?

చిన్న రైతుకూ ఇది శత్రువే. పంట బలం లాగేస్తుంది. పశువు మేస్తే పాలు చేదెక్కుతాయి.

1984లో బెంగళూరులో దీని ఆకు తినే మెక్సికో పెంకుపురుగును వదిలారు. వానాకాలంలో అది బాగానే తింటుంది గానీ, పురుగు మీదే భారం వేసి కూర్చుంటే గడ్డి పోదు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. అట్లా పీకింది గుంటలో వేస్తే ఎరువవుతుంది. వట్టి చేతులతో ముట్టొద్దు. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండాలి. ఆయాసం ఉన్నవాళ్లను ఆ పనికి పంపొద్దు.

తొడుగులు ఎవరు కొనాలి? పని చేయించుకునేవాడే కొనాలి. ఊరుమ్మడి బీళ్లలో గడ్డిని పంచాయతీ కూలి ఇచ్చి, పూత రాకముందే తీయించాలి. వచ్చే గ్రామసభలో ఈ రెండు మాటలు అడుగుదాం. ఒక్కరు అడిగితే నవ్వుతారు. వాడంతా కలిసి పోదాం.