గిలక్కాయ రంగు నాలుక మీద ఎందుకు?

మాది గుండుగొలను. మా మేనకోడలికి పళ్లొస్తున్నాయి. ఏది దొరికితే అది నోట్లోకే. మొన్న తీర్థంలో కొన్న గిలక్కాయ చప్పరిస్తుంటే నాలుకంతా ఎర్రగా అయిపోయింది! ఇంట్లో అందరం హడలిపోయాం.

రంగుల్లో సీసం ఉంటే పిల్లల మెదడుకే దెబ్బ. 2007లో మాటెల్ అంత పెద్ద కంపెనీయే ఈ కారణంతో లక్షల బొమ్మలు వెనక్కి తీసుకుంది.

మన అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక గిలక్కాయలు విదేశాలకి వెళ్లాయంటే కారణం ఇక్కడే ఉంది. మెత్తటి అంకుడు కర్రని లేత్ మీద గిర్రున తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. బ్రష్షుతో పనే లేదు. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. రంగులేమో గింజలు, వేర్లు, బెరడు, ఆకుల నుంచి.

మధ్యలో అక్కడా కెమికల్ రంగులొచ్చాయి లెండి. కళాకారుల్ని మళ్లీ సహజ రంగుల వైపు తిప్పిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లోనే జీఐ గుర్తింపు.

కొనేముందు సహజ రంగేనా అని అడగండి. లక్క పెచ్చు లేచినా, లోపలి గింజలు బయటికొచ్చేలా ఉన్నా అది కూడా పాప చేతికివ్వకండి.