తెర మీద పేలుడు, తీరాన పేలుడు

సినిమాలో యుద్ధం జరుగుతోంది. కథానాయకుడు మైదానంలో పరుగెత్తుతున్నాడు. అతని పక్కనే నేల ఢామ్మని పేలింది. మట్టి కొబ్బరిచెట్టంత ఎత్తుకు లేచింది. అతను బోర్లా పడ్డాడు. మరుక్షణం దుమ్ము దులుపుకుని లేచాడు. మీరు చప్పట్లు కొట్టారు. కాని ఒక్క ప్రశ్న: నిజమైన బాంబే పేలి ఉంటే అతను లేచేవాడా?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ తీరప్రాంతంలో ఉన్న వాకాడుకు వెళదాం. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఆగ్నేయ దిక్కున, ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలో శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది. రాకెట్ ఎగిరే రోజు మేడ ఎక్కి అటు చూస్తే ముందు కనిపించేది వెలుగు. నిప్పుముద్ద ఒకటి చప్పుడు లేకుండా పైకి లేస్తుంది. గాలి అనుకూలంగా ఉంటే, చాలాసేపటి తరువాత గుడగుడమనే ఉరుము వినిపిస్తుంది.

ఎంతసేపటి తరువాత? ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. దూరం 30 కిలోమీటర్లే అనుకున్నా, 30,000ను 340తో భాగిస్తే 88 సెకన్లు. అంటే దాదాపు ఒకటిన్నర నిమిషం! వెలుగు మాత్రం కన్ను మూసి తెరిచేలోపే వచ్చేస్తుంది.

సినిమాలో ఎలా ఉంటుంది? కిలోమీటరు దూరాన కొండ పేలినా, వెలుగూ చప్పుడూ ఒకేసారి వస్తాయి. నిజానికి చప్పుడు మూడు సెకన్లు ఆలస్యం కావాలి. తెర మీద చప్పుడు తరువాత విడిగా కలిపినది. తెర మీది పేలుడులో ఇదే మొదటి కల్పన. మిగిలినవి తెలియాలంటే అసలు పేలుడంటే ఏమిటో చూడాలి.

సంచీ, చిచ్చుబుడ్డి, టపాకాయ

ఒక కాగితం సంచిని గాలితో ఊది, మూతి బిగించి, అరచేత్తో కొట్టండి. టప్పుమంటుంది. ఇందులో మందు లేదు, మంట లేదు. కుదించిన గాలి ఒక్కసారిగా బయటికి వ్యాపించింది, అంతే. వాయువు హఠాత్తుగా వ్యాపించడమే పేలుడు.

మందుగుండు చేసే పని ఆ వాయువును పుట్టించడం. పాతకాలపు తుపాకిమందులో సురేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి. బొగ్గు, గంధకం మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను సురేకారమే ఇస్తుంది. బయటి గాలి కోసం ఎదురుచూడనక్కరలేదు కనుక మంట అతివేగంగా సాగుతుంది. పిడికెడు ఘనపదార్థం నుంచి ఎన్నో రెట్ల వేడివాయువు పుడుతుంది.

దీపావళినాడు ఈ సూత్రాన్నే మూడు విధాలుగా చూస్తాం. చిచ్చుబుడ్డికి పైన కన్నం ఉంది కనుక వాయువు నెమ్మదిగా పోతూ పువ్వులు విరజిమ్ముతుంది. టపాకాయలో దారి లేదు కనుక ఒత్తిడి పెరిగి, చుట్టిన కాగితం చీలి పేలుతుంది. తారాజువ్వలో వాయువు కిందికి దూసుకుపోతుంటే జువ్వ పైకి పోతుంది. మందు తీరు ఒకటే. వాయువుకు మనమిచ్చే దారిని బట్టే ఫలితం.

యుద్ధంలో వాడే టి.ఎన్.టి. వంటి పేలుడు పదార్థాలు వేరే జాతివి. వాటిలో పేలుడు సెకనుకు దాదాపు 7 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. అవి పేలినప్పుడు ముందు గాలిలో బలమైన ఒత్తిడి తరంగం వస్తుంది, లోహపు పెంకు ముక్కలై నలువైపులకూ దూసుకుపోతుంది. బాంబు చేసే హాని ఎక్కువగా మంట వల్ల కాదు, ఈ రెంటి వల్లనే.

నేల ఎలా లేస్తుంది?

సినిమావారు ఈ రెంటినీ తీసివేసి, కంటికి కనిపించే మట్టినీ పొగనూ మాత్రం మిగుల్చుకుంటారు. మందమైన ఉక్కు కుండను మూతి పైకి వచ్చేట్టు నేలలో పాతుతారు. అడుగున కొద్దిపాటి మందు, దానిపైన రాయి లేకుండా జల్లెడ పట్టిన పొడిమట్టి, రంపపు పొట్టు, బెండు ముక్కలు ఉంటాయి. కుండ గోడలు వాయువును పక్కలకు పోనివ్వవు. అది చిచ్చుబుడ్డిలా పైకే పోతుంది, తేలికైన మట్టిని గరాటా ఆకారంలో ఎగజిమ్ముతుంది. ఆ గరాటా ఎంతవరకు వ్యాపిస్తుందో ముందే పరీక్షించి, నటుడు దానికి బయటే పరుగెత్తేలా గుర్తులు పెడతారు. దూరాన ఉన్న నిపుణుడు విద్యుత్తుతో దాన్ని పేలుస్తాడు. దారి కనిపించకపోతే, నటుడు గుర్తు తప్పితే, మీట నొక్కడు.

మరి ఆ పెద్ద నారింజరంగు మంట? అది పెట్రోలు వంటి ఇంధనాన్ని గాలిలోకి చిమ్మి మండించినది. నిజమైన బాంబు మెరుపు క్షణంలో మాయమై, దుమ్మూ పొగా మిగులుతాయి. ప్రేక్షకుడికి అది చాలదు!

ఇప్పుడు చాలాచోట్ల మందే లేకుండా, కుదించిన గాలితో మట్టిని చిమ్మే గొట్టాలు వాడుతున్నారు. అంటే మళ్ళీ మీ కాగితం సంచీయే. మంటలను కంప్యూటరుతో చేర్చడమూ మామూలైంది.

పదహారు మీటర్ల మేడ, ఒక మీటరు బొమ్మ

మేడ కూలాలంటే బొమ్మ మేడను పేల్చేవారు. కాని 16 మీటర్ల ఎత్తు నుంచి ఇటుక పడడానికి సుమారు 1.8 సెకన్లు పడుతుంది. ఒక మీటరు బొమ్మ మీద నుంచి 0.45 సెకన్లే. ఆ తొందరే బొమ్మను పట్టిస్తుంది. ఎత్తు 16 రెట్లు తగ్గితే కాలం 4 రెట్లు తగ్గింది. 16 వర్గమూలం 4 కదా! కనుక సెకనుకు 24 బొమ్మలు తీసే కెమెరాను 96 బొమ్మలు తీసేలా నడిపి, తెరపై 24 చొప్పున చూపుతారు. ఇటుక మళ్ళీ 1.8 సెకన్లలో పడుతుంది. మీరు బడిలో చదివే స్వేచ్ఛాపతన సూత్రమే సినిమాలో మేడను కూల్చింది.

తీరాన జరిగే పేలుళ్ళు

మళ్ళీ శ్రీహరికోట వైపు చూడండి. ఎల్.వి.ఎం.3 రాకెట్‌కు ఇరువైపులా ఉన్న రెండు బూస్టర్లలో ఒక్కొక్క దానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. అది రెండు నిమిషాల్లో మండిపోతుంది, కాని పేలదు. కారణం, ఒక సమయంలో ఎంత ఉపరితలం మండాలో ముందే లెక్కకట్టి ఇంధనాన్ని పోతపోస్తారు. అందులో పగులు ఉంటే మండే ఉపరితలం పెరుగుతుంది, వాయువు పెరుగుతుంది, తారాజువ్వ టపాకాయ అవుతుంది!

రాకెట్‌లో కావాలని చేసే పేలుళ్ళు కూడా ఉన్నాయి. మండిపోయిన దశను విడదీయడానికి చిన్న మందు తూటాలు బంధాలను తెంచుతాయి. రాకెట్ దారి తప్పితే నాశనం చేసే ఏర్పాటూ ఉంటుంది. 2010 డిసెంబరు 25న జి.ఎస్.ఎల్.వి. రాకెట్ ఒకటి ఎగిరిన నిమిషంలోపే అదుపు తప్పింది. ఊళ్ళ మీద పడకుండా దాన్ని ఆకాశంలోనే పేల్చివేశారు. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. అక్కడ పేలుడే రక్షణ అయింది.

అయినా మందు ఎప్పుడూ పొరపాటును క్షమించదు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు మరణించారు. 1982 జులై 23న అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక సినిమా చిత్రీకరణ జరుగుతుండగా మందుగుండు పేలుడు తగిలి హెలికాప్టర్ కూలింది. ఒక నటుడూ ఇద్దరు పిల్లలూ చనిపోయారు. ఆ పిల్లలు మీకంటే చిన్నవాళ్ళు. తెర కోసం చేసిన పేలుడే అది.

అందుకే ఈ పని అనుమతిపత్రం ఉన్న నిపుణులది. మీరు మందు కలపకండి. దీపావళి మరునాడు వీధిలో పేలని టపాకాయలు ఏరకండి. వాటిని విప్పి మందు తీయకండి. నిప్పు ఆరినట్టు కనిపించేది కూడా చేతులు కాల్చగలదు.

మరి ప్రయోగం చేయాలని ఉందా? రాకెట్ ఎగిరే రోజు తీరానికి దగ్గరలో ఉంటే, గడియారం పట్టుకుని మేడ ఎక్కండి. వెలుగు కనిపించగానే లెక్క మొదలుపెట్టండి. మొదటి ఉరుము వినిపించగానే ఆపండి. సెకన్లను 340తో గుణించండి. మీరున్న చోటికీ ప్రయోగవేదికకూ మధ్య దూరం ఇంచుమించు మీటర్లలో వస్తుంది. తీరానికి దూరంగా ఉంటే వానాకాలం మెరుపుతో ఇంట్లో కూర్చునే ఈ లెక్క చేయవచ్చు. ఆ తరువాత ఏ సినిమాకైనా వెళ్ళండి. పేలుడు కనిపించగానే పక్కవాడు చెవులు మూసుకుంటాడు. మీరు మాత్రం మనసులో లెక్కపెడుతుంటారు: ఒకటి, రెండు, మూడు...