ఫలితసూచకాల గుర్తింపు: ఫ్రేమింగ్‌హామ్, ఫిన్లండ్ అధ్యయనాల పాఠాలు

వ్యాససంగ్రహం:
ఒక ఫలితానికి ముందే కనిపించి, అది కలిగే అవకాశాన్ని తెలియజేసే అంశాన్ని సూచకం అంటారు. సూచకాన్ని ఎలా గుర్తించాలి, దానిని కారణంగా భావిస్తే ఏమవుతుంది, యాదృచ్ఛిక సంబంధాలను ఎలా వేరుచేయాలి అనే విషయాలను ప్రసిద్ధ వైద్య అధ్యయనాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సూచకం, ప్రమాదకారకం, సహసంబంధం, కారణత, యాదృచ్ఛికత.

1. కాలక్రమం

జబ్బుపడినవారిని మాత్రమే పరిశీలిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. వారిలో కనిపించే మార్పు జబ్బుకు ముందున్నదో, జబ్బువల్ల వచ్చినదో తేల్చడం కష్టం. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన హృద్రోగ అధ్యయనం ఈ చిక్కును అధిగమించింది. 30–62 ఏండ్ల వయసుగల 5,209 మంది స్త్రీపురుషులను చేర్చుకొని, రెండేండ్లకొకసారి పరీక్షించారు. ఎవరికి జబ్బు వస్తుందో తెలియకముందే రక్తపోటు, కొలెస్టరాల్ వంటి వివరాలు నమోదయ్యాయి. అధిక రక్తపోటు, అధిక కొలెస్టరాల్ ఉన్నవారిలో గుండెజబ్బు ఎక్కువగా వచ్చిందని 1961లో విలియం కానెల్ బృందం ప్రకటించింది. 'ప్రమాదకారకం' అనే భావన వ్యాప్తిలోకి రావడానికి ఈ అధ్యయనం ముఖ్యంగా దోహదం చేసింది.

2. సూచకం, కారణం

ముందు కనిపించినంత మాత్రాన సూచకం కారణం కాదు. బీటా కెరోటిన్ ఉన్న కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని అనేక పరిశీలనలు తెలిపాయి. ఆ పదార్థాన్ని మాత్రలుగా ఇస్తే క్యాన్సర్‌ను నివారించవచ్చన్న పరికల్పనను ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై పరీక్షించారు. ఎవరికి ఏ మాత్ర ఇవ్వాలో యాదృచ్ఛికంగా నిర్ణయించారు. 1994లో వెలువడిన ఫలితం పరికల్పనకు విరుద్ధంగా ఉంది. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో జరుగుతున్న ఇటువంటి మరొక ప్రయోగాన్ని కూడా హాని కనిపించడంతో 1996లో గడువుకు ముందే నిలిపివేశారు.

కూరగాయలు ఎక్కువగా తినేవారి ఇతర ఆహారం, అలవాట్లు కూడా భిన్నంగా ఉండవచ్చు. బీటా కెరోటిన్ ఆ జీవనవిధానానికి గుర్తు మాత్రమే కావచ్చు. గుర్తును మార్చినంతనే ఫలితం మారదు. కొన్నిసార్లు హాని కూడా కలుగుతుందని ఈ ప్రయోగాలు నిరూపించాయి.

3. యాదృచ్ఛికత, పునఃపరీక్ష

5 శాతం సార్థకతాస్థాయిలో, ఫలితంతో ఏ సంబంధమూ లేని 20 స్వతంత్ర అంశాలను పరీక్షించినా, కనీసం ఒకటి 'సార్థకం'గా కనిపించే అవకాశం సుమారు 64 శాతం. అందువల్ల ఏయే అంశాలను పరీక్షించేదీ సమాచార సేకరణకు ముందే ప్రకటించాలి. పరీక్షించినవాటన్నింటినీ, సార్థకం కానివాటితో సహా, నివేదించాలి.

ఒక సమూహంలో నిలిచిన సూచకాన్ని మరో సమూహంలోనూ పరీక్షించాలి. ఫ్రేమింగ్‌హామ్ గణనసూత్రాలను చైనా ప్రజలకు యథాతథంగా వర్తింపజేసినప్పుడు గుండెజబ్బు ముప్పును అవి వాస్తవానికి మించి చూపాయి. స్థానిక సమాచారంతో సవరించిన తరువాతనే అంచనాలు సరిపడ్డాయి.

4. ముగింపు

ఈ సూత్రాలు వైద్యానికే పరిమితం కావు. విద్యార్థుల పఠనాసక్తిని, మార్కులను ఒకే రోజున ఒకే ప్రశ్నావళితో సేకరించిన పరిశోధకుడు వాటి మధ్య సహసంబంధం ఉందని చెప్పగలడు. ఆసక్తివల్ల మార్కులు పెరిగాయా, మార్కులవల్ల ఆసక్తి పెరిగిందా, ఇంటి వాతావరణం రెండింటినీ పెంచిందా అన్నది ఆ సమాచారం చెప్పదు. 'ప్రభావం' అనే మాటను సిద్ధాంతగ్రంథ శీర్షికలో చేర్చేముందు ఈ మూడు అవకాశాలనూ పరిశీలించడం పరిశోధకుని బాధ్యత. ఆ శీర్షికను ఆమోదించే పర్యవేక్షకునికీ ఆ బాధ్యతలో భాగముంది. సూచకం ఎవరిపై దృష్టి పెట్టాలో చెబుతుంది. ఏమి మార్చాలో తేల్చడానికి వేరే పరీక్ష అవసరం.