తెరచాప ఆదా ఎవరి ఖాతాలోకి?

ఓడ కిరాయిలో ఇంధనం పెద్ద పద్దు. దీనిని గాలి సాయంతో తగ్గించే పరిశోధనను జపానులోని టోక్యో విశ్వవిద్యాలయం 2009లో నౌకా పరిశ్రమతో కలిసి చేపట్టినది. 2018లో ఆ పథకాన్ని మిత్సుయి ఓ.ఎస్.కె. లైన్స్, ఒషిమా నౌకా నిర్మాణ సంస్థలు స్వీకరించినవి. ఫలితంగా తయారైన లక్ష టన్నుల తరగతి బొగ్గు ఓడ 'షోఫు మారు' 2022 అక్టోబరులో సర్వీసులో ప్రవేశించినది.

ఇది పాతకాలపు గుడ్డ తెరచాప కాదు. గాజునార ప్లాస్టిక్‌తో చేసిన గట్టి అరలు ఒకదానిలో ఒకటి ఇమిడి వుండి, కావలసినప్పుడు సుమారు 53 మీటర్ల ఎత్తుకు లేస్తాయి. గాలి దిశను, వేగాన్ని యంత్రమే కొలిచి తెరచాపను తిప్పుతుంది, ముడుస్తుంది. ఇంజను ఆగదు, దానిపై భారం తగ్గుతుంది.

ఆస్ట్రేలియా–జపాను దారిలో సుమారు 5 శాతం, అమెరికా పశ్చిమతీరం దారిలో 8 శాతం ఆదా కాగలదని మొదట అంచనా వేశారు. ఏడాదిన్నర నడిచిన పిదప, గాలి బాగా కలసివచ్చిన రోజున 17 శాతం వరకు, మొత్తం ప్రయాణంపై సగటున 5 నుంచి 8 శాతం ఆదా అయినట్లు 2024లో యాజమాన్య సంస్థ ప్రకటించినది.

బేరంలో దీని విలువ ఎంత? ఉదాహరణకు, రోజుకు 30 టన్నుల ఇంధనం కాల్చే ఓడ రానుపోను 30 రోజులు నడిస్తే ఖర్చు 900 టన్నులు. 5 శాతం ఆదా అంటే 45 టన్నులు. టన్ను 600 డాలర్లనుకుంటే 27,000 డాలర్లు. సరుకు 90,000 టన్నులైతే టన్నుకు 30 సెంట్లు. టన్ను లెక్కలో స్వల్పమే అయినా, పెద్ద పార్శిలు మీద చిన్న మొత్తం కాదు.

అయితే ఈ ఆదా ఇంధనం కొన్నవారిదే. ఒక ప్రయాణానికి టన్ను చొప్పున కిరాయి కుదిరే వాయేజ్ చార్టరులో ఇంధనం ఓడ యజమాని కొంటాడు. బేరమాడి రాబడితే తప్ప సరుకుదారుకు వాటా రాదు. రోజు కిరాయికి తీసుకొనే టైమ్ చార్టరులో ఇంధనం కిరాయిదారుదే కనుక లాభం కూడా అతనిదే. అందువల్ల యజమాని రోజు కిరాయి పెంచి అడగవచ్చు.

కాబట్టి టైమ్ చార్టరు కుదుర్చుకొనేవారు, ఒప్పందంలో హామీ యిచ్చిన ఇంధన వినియోగం తెరచాపతోనా, లేకుండానా అన్నది ముందే తేల్చుకొనడం మంచిది. ఓడ నడిచే దారి కూడా చూసుకోవాలి. గాలి లేని దారిలో తెరచాపకు అదనపు కిరాయి చెల్లించడం నష్టమే.