ఉద్యోగం చేస్తూనే ఎకనామిక్ జియాలజీలో మాస్టర్స్: ఈ చదువు ఏమిస్తుంది, ఏమివ్వదు?

ఎమ్మెస్సీ జియాలజీ పూర్తయింది. నాలుగైదేళ్లుగా ఏదో ఒక ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీలోనో, గనిలోనో పనిచేస్తున్నారు. డ్రిల్లింగ్ రిగ్ దగ్గర నిలబడి, బయటికొచ్చిన కోర్‌ను పెట్టెల్లో సర్దించడం, ఏ లోతులో ఏ రాయి వచ్చిందో రాసుకోవడం, శాంపిళ్లను సంచుల్లో కట్టించి ల్యాబ్‌కు పంపడం... రోజూ ఇదే పని. తర్వాతి బోరు ఎక్కడ వేయాలో మాత్రం వేరెవరో నిర్ణయిస్తారు.

ఆ నిర్ణయం తీసుకునే స్థాయికి ఎదగాలంటే మళ్లీ చదవాలా? చదవాలంటే ఉన్న ఉద్యోగం మానుకోవాల్సిందేనా? ఇలాంటివాళ్ల కోసమే ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లోని కొన్ని విశ్వవిద్యాలయాలు ఎకనామిక్ జియాలజీలో మాస్టర్స్ కోర్సులు నడుపుతున్నాయి. అవి ఎలా ఉంటాయి? మన దగ్గరి నుంచి చేరాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలి?

ఎమ్మెస్సీలో లేనిది ఇందులో ఏముంది?

రాయిలో లోహం ఉందా లేదా అన్నది మామూలు జియాలజీ చెబుతుంది. దాన్ని తవ్వి తీస్తే గిట్టుబాటవుతుందా అన్నది ఎకనామిక్ జియాలజీ చూసుకునే సంగతి. కోలార్ గనుల సంగతి మనవాళ్లందరికీ తెలిసిందే. అక్కడ బంగారం చివరి గ్రాము దాకా అయిపోయి 2001లో గనులు మూతపడలేదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతు, తగ్గిపోయిన గ్రేడ్, పెరిగిన ఖర్చు కలిసి లెక్క కుదరకుండా చేశాయి.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ఒక నిక్షేపంలో 10 లక్షల టన్నుల ఖనిజం ఉంది. టన్నుకు 2 గ్రాముల బంగారం. అంటే మొత్తం 2,000 కిలోలు. ప్లాంటులో 90 శాతం రాబట్టగలిగితే చేతికొచ్చేది 1,800 కిలోలు. అదే బంగారం పైరైట్, ఆర్సినోపైరైట్ రేణువుల లోపల చిక్కుకుని ఉండి, 70 శాతమే రాబట్టగలిగితే 1,400 కిలోలు. ఈ 400 కిలోల తేడా గని తెరుస్తారా లేదా అన్నదాన్నే తేల్చేయవచ్చు. బంగారం ఏ ఖనిజంలో, ఏ రూపంలో ఉందో కోర్ దశలోనే గమనించి చెప్పాల్సింది జియాలజిస్టే. దీన్ని ఇప్పుడు జియోమెటలర్జీ పేరుతో విడిగా ఒక సబ్జెక్టుగా చెబుతున్నారు.

ఇక శాంపిల్ నమ్మదగిందా అన్న ప్రశ్న. ల్యాబ్‌కు పంపే సంచుల మధ్యలో గ్రేడ్ ముందే తెలిసిన స్టాండర్డ్ శాంపిళ్లు, లోహం లేని బ్లాంక్‌లు, డూప్లికేట్లు కలిపి పంపుతారు. ఇదంతా చాదస్తంలా అనిపిస్తే బ్రీ-ఎక్స్ కథ గుర్తుచేసుకోవాలి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో భారీ బంగారు నిక్షేపం దొరికిందని ఈ కెనడా కంపెనీ ప్రకటించింది. షేరు ఆకాశానికెళ్లింది. 1997లో అసలు సంగతి బయటపడింది: శాంపిళ్లలో బయటి నుంచి బంగారం కలిపారు. మదుపరుల డబ్బు ఆవిరైపోయింది. ఖనిజాన్వేషణ ఫలితాల ప్రకటనపై 2001లో కెనడా కఠిన నిబంధనలు తేవడానికి ఈ కుంభకోణమే ప్రధాన కారణం.

చదువు బోరు దాకా వెళ్లిన సందర్భం

‘ఓర్ డిపాజిట్ మోడల్స్’ అనే సబ్జెక్టు ఈ కోర్సులన్నింటికీ గుండెకాయలాంటిది. ఫలానా రకం నిక్షేపం ఎలాంటి రాళ్లలో, ఎలాంటి పరిస్థితుల్లో ఏర్పడుతుందో తెలిస్తే, అలాంటి చోటును వెతకవచ్చన్నది ఇందులోని ఆలోచన. వినడానికి పుస్తకాల వ్యవహారంలా ఉంటుంది. కానీ దక్షిణ ఆస్ట్రేలియాలోని ఒలింపిక్ డ్యామ్ దొరికింది ఈ దారిలోనే.

వెస్టర్న్ మైనింగ్ కంపెనీకి చెందిన డగ్లస్ హేన్స్ అనే జియాలజిస్టు, మార్పు చెందిన బసాల్ట్ రాళ్ల నుంచి రాగి ఎలా విడుదలవుతుందన్న అంశంపై పీహెచ్‌డీ చేశారు. అలాంటి బసాల్ట్ ఉన్న ప్రాంతాల్లో, పక్కనున్న అవక్షేప శిలల్లో రాగి పేరుకుని ఉండాలన్న అంచనాతో కంపెనీ వెతకడం మొదలుపెట్టింది. గురుత్వాకర్షణ, అయస్కాంత సర్వేల్లో తేడా కనిపించిన చోట 1975లో మొదటి బోరు వేశారు. పైన 300 మీటర్లకు పైగా వేరే రాతి పొరలు కప్పేసి ఉన్నాయి. నేల మీద చూస్తే ఏమీ తెలియదు. మొదటి బోరులో ఒక శాతం పైచిలుకు గ్రేడుతో రాగి తగిలింది. తర్వాతి బోర్లు అంత ఆశ పెట్టలేదు. 1976లో వేసిన పదో బోరులో మాత్రం 170 మీటర్ల మందాన, సుమారు 2 శాతం రాగి బయటపడింది.

ఇక్కడ అసలు ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. వాళ్లు వెతికింది అవక్షేప శిలల్లోని రాగి కోసం. దొరికింది పగిలి ముక్కలైన గ్రానైట్‌లో, ఇనుప ఆక్సైడ్‌తో కలిసిన రాగి, యురేనియం, బంగారం. మోడల్ వాళ్లను సరైన చోటికి చేర్చింది, నిక్షేపం మాత్రం ఆ మోడల్‌కు లొంగలేదు. మంచి కోర్సులో నేర్పాల్సింది ఈ రెండూ. మోడళ్లు బట్టీపట్టి పరీక్ష రాయించే కోర్సుకు విమానం టికెట్ కూడా దండగే.

రెండు వారాలు క్లాసు, మళ్లీ డ్యూటీ

ఆస్ట్రేలియాలోని టాస్మానియా విశ్వవిద్యాలయంలో, హోబార్ట్ నగరంలో ‘కోడ్స్’ అనే పరిశోధన కేంద్రం ఉంది. 1989లో మొదలైంది. ఇక్కడి మాస్టర్ ఆఫ్ ఎకనామిక్ జియాలజీ కోర్సును పరిశ్రమలో పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. ఒక్కో సబ్జెక్టు సుమారు రెండు వారాల షార్ట్ కోర్సు. వెళ్లి క్లాసులు, ఫీల్డ్ ట్రిప్ పూర్తిచేసుకుని ఉద్యోగానికి తిరిగి రావచ్చు. అసైన్‌మెంట్లు తర్వాత పంపాలి. కోర్సు మొత్తం పూర్తికావడానికి కొన్నేళ్లు పడుతుంది. థీసిస్ రాసేవాళ్లు చాలామంది తమ కంపెనీ ప్రాజెక్టునే అంశంగా ఎంచుకుంటారు. అందుకు కంపెనీ ముందే ఒప్పుకోవాలి, డేటా బయటపెట్టడానికి అనుమతించాలి. ఇది రాతపూర్వకంగా లేకపోతే చివర్లో థీసిస్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

దక్షిణాఫ్రికాలోని రోడ్స్ విశ్వవిద్యాలయంలోనూ ఉద్యోగుల కోసం ఇలా విడతలుగా సాగే మాస్టర్స్ ఉంది.

ఫీజు ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకోవద్దు. ఆరు షార్ట్ కోర్సులు చేయాలనుకుంటే 12 వారాల సెలవు, ఆరుసార్లు విమానం, బస. సెలవులో జీతం కట్ అవుతుందా అన్నది కూడా ఖర్చులోకే వస్తుంది.

వీసా దగ్గర ఒక మెలిక

ఆస్ట్రేలియా చదువు అనగానే మన ఇళ్లలో వచ్చే తర్వాతి ప్రశ్న, ‘చదివాక అక్కడే ఉద్యోగం చేసుకోవచ్చా’ అని. విడతలుగా వెళ్లి చదివేవాళ్లు ఆ ఆశ పెట్టుకోకపోవడం మంచిది. చదువు తర్వాత ఇచ్చే గ్రాడ్యుయేట్ వర్క్ వీసాకు కనీసం 92 వారాల నిడివి ఉన్న రిజిస్టర్డ్ కోర్సు, అదీ 16 నెలలకు తగ్గకుండా ఆస్ట్రేలియాలోనే ఉండి చదవాలన్న నిబంధన ఉంది. రెండేసి వారాలు వెళ్లొస్తే అది తీరదు. స్టూడెంట్ వీసా అయితే ఫుల్‌టైమ్ చదవాలి. విజిటర్ వీసాపై మూడు నెలల వరకు చదువుకోవచ్చు గానీ, మాస్టర్స్‌లో భాగంగా వెళ్లే ఒక్కో విడతకు ఏ వీసా వర్తిస్తుందో యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో సమాధానం తీసుకోండి.

డిగ్రీ వస్తే రిపోర్టుపై సంతకం పెట్టొచ్చా?

పెట్టలేరు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్చేంజీలో ఉన్న కంపెనీ తన ఖనిజ నిల్వలను ప్రకటించాలంటే జోర్క్ కోడ్ ప్రకారం ‘కాంపిటెంట్ పర్సన్’ బాధ్యత తీసుకోవాలి. అందుకు గుర్తింపు పొందిన వృత్తి సంస్థలో సభ్యత్వం, ఆ రకం నిక్షేపంలో, ఆ రకం పనిలో కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి. బంగారంలో పదేళ్లు చేసినవారు రేపు లిథియం రిపోర్టుపై సంతకం చేస్తానంటే కుదరదు. భారత్‌లోనూ ఇదే తరహాలో 2019లో ఇండియన్ మినరల్ ఇండస్ట్రీ కోడ్ వచ్చింది. మాస్టర్స్ వల్ల పనిలో పదును పెరుగుతుంది. అనుభవం లెక్క మాత్రం పని చేసిన ఏళ్లతోనే.

జీఎస్ఐ, ఏఎండీ ఉద్యోగులైతే...

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఐదేళ్ల సర్వీసు దాటాక స్టడీ లీవ్ అడిగే అవకాశం ఉంది. మామూలుగా ఒక విడతలో 12 నెలలు, సర్వీసు మొత్తంలో 24 నెలలు. చదువుకు, చేస్తున్న పనికి దగ్గరి సంబంధం ఉండాలి. తిరిగొచ్చాక మూడేళ్లు పనిచేస్తానని బాండ్ రాయాలి. దేశంలోనే తగిన సౌకర్యాలున్న సబ్జెక్టుకు విదేశాల్లో స్టడీ లీవ్ ఇవ్వరన్నది అన్నింటికంటే గట్టి నిబంధన. కాబట్టి దరఖాస్తులో ఆ కోర్సులో ఇక్కడ దొరకనిది ఏమిటో విడమరిచి రాయాలి. సింగరేణి, ఎన్ఎండీసీ వంటి సంస్థలకు సొంత నిబంధనలుంటాయి, అక్కడి హెచ్‌ఆర్‌ను అడగాల్సిందే.

జీఎస్ఐలో చేరడమే లక్ష్యమైతే ఈ కోర్సు అవసరం లేదు. యూపీఎస్సీ కంబైన్డ్ జియోసైంటిస్ట్ పరీక్షకు ఎమ్మెస్సీ చాలు. రెండో మాస్టర్స్‌కు అదనపు మార్కులేమీ లేవు, పైగా జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 32 ఏళ్లు. ఆ రెండేళ్లు పరీక్ష మీద పెట్టడమే మేలు. దేశంలోనే ఫుల్‌టైమ్ చదవాలనుకుంటే ధన్‌బాద్ ఐఐటీలో మినరల్ ఎక్స్‌ప్లొరేషన్ ఎంటెక్ ఉంది, గేట్ రాయాలి.

ప్రైవేటు ఎక్స్‌ప్లొరేషన్‌లో స్థిరపడాలనుకునేవారికి మాత్రం పరిస్థితి మారుతోంది. 2023లో గనుల చట్టాన్ని సవరించి బంగారం, రాగి, లిథియం సహా 29 ఖనిజాలకు ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ విధానం తెచ్చారు. లైసెన్స్ తీసుకున్న సంస్థ కనిపెట్టిన బ్లాకు వేలంలో అమ్ముడైతే, గని యజమాని కట్టే ప్రీమియంలో ఆ సంస్థకు వాటా వస్తుంది. ఏమీ దొరకకపోతే పెట్టిన ఖర్చులో చాలావరకు నష్టమే. ఇలాంటి సంస్థలకు ఏ బోరు వేయాలో, ఏ బోరు మానాలో చెప్పగలిగిన జియాలజిస్టు కావాలి. చేరేముందు మీ మేనేజర్‌ను ఒక మాట అడిగి చూడండి: ఫీజులో కొంతైనా కంపెనీ భరిస్తుందా, లేదంటే కనీసం ఆ 12 వారాలను డ్యూటీగా లెక్కిస్తుందా? రెండింటికీ లేదన్న జవాబే వస్తే, మొత్తం డిగ్రీకి బదులు మీ పనికి దగ్గరగా ఉన్న ఒక్క షార్ట్ కోర్సు చేసొచ్చి తర్వాత ఆలోచించవచ్చు.