కొండ పచ్చగా ఉన్నా మేత పలుచన ఎందుకు?



"కొండంతా పచ్చగా ఉంటుంది గదా, అక్కడి పశువు బక్కచిక్కి ఉంటుందేమి?" అని మైదానపు సంఘాలవారు మమ్ములను అడుగుతుంటారు. గడ్డిని చూస్తే జవాబు దొరకదు. గడ్డి కింది నేలను చూడవలెను.

2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లానే తీసుకొందాము. కొత్తవలస–కిరండూల్ రైలులో శృంగవరపుకోట, బొడ్డవర దాటగానే కనుమ మొదలవుతుంది. అరకు చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటాము. చుట్టూ కొన్ని శిఖరాలు 1,600 మీటర్లు మించి ఉన్నవి. బొర్రా దగ్గర సున్నపురాయి కలదు. నీరు దానిని కరిగించి గుహలు తొలిచింది. మిగిలినచోట్ల ఎక్కువగా ఖోండలైటు రాయి. ఖోండు ఆదివాసుల పేరే దానికి పెట్టారు. అది చివికి ఎర్రమన్ను అవుతుంది.

చిక్కంతా ఈ ఎర్రమన్నులోనే ఉన్నది. ఏటేటా కురిసే భారీవానలు అందులోని సున్నాన్ని కడిగివేస్తాయి, నేల పులుస్తుంది. అందులోని ఇనుము భాస్వరాన్ని పట్టుకొని వేరుకు అందనివ్వదు. నేలలో లేనిది గడ్డిలోకి రాదు, గడ్డిలో లేనిది పశువుకు రాదు. ఆవు ఎముకలు, గుడ్డపేలికలు నమలుతుంటే అది దుర్గుణమనుకోకండి; చాలాసార్లు భాస్వరపు లోటు.

కొండవాలున మద్ది, ఏగిస, వెదురు, అడ్డతీగ, జీలుగు ఉన్నచోట మన్ను నిలుస్తుంది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ వేసినచోటా అంతే. పోడు కొట్టిన వాలు వేరు. పూర్వం ఏళ్ల తరబడి బీడు వదిలేవారు, అడవి తిరిగి లేచేది. ఆ గడువు తగ్గినకొద్దీ చెట్టు రాదు, ముతకగడ్డి వస్తుంది. నిప్పు పెడితే లేతచిగురు కొద్దివారాలే. తరువాత అది పశువు నోటికి లొంగదు. కడిగిన మన్నంతా గెడ్డల పక్క పల్లపు మళ్లకు చేరి వరి పండిస్తుంది.

ఇక్కడ చాలా ఆదివాసీ కుటుంబాలు పాలు దూడకే వదిలేవి. ఈ మేతమీద అది తెలివైన పనేనని మా అభిప్రాయం. పసుపుపచ్చగా పూసే వలిసెల చెక్క మంచి దాణా. వలిసెలను కిందికి అమ్మి, దాణా పైకి కొనుక్కోవడమే మాకు మింగుడు పడదు.

పాలిచ్చే పశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టండి. పులిసిన నేలను ఓర్చుకొనే స్టైలోను తొలకరిలో గట్ల వెంట చల్లండి. గింజ పైపొర గట్టిది. వేడినీటిలో, మరిగే నీటిలో కాదు, మూడు నాలుగు నిమిషాలు ముంచి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి విత్తండి. మొదటి ఏడు పశువును దానిమీదికి తోలకండి, కోసి వేయండి.